మూసిన ఇంట్లో రెండు గొంతులు

ముప్ఫయ్యేళ్ళు పత్రికలో పనిచేసినవాడికి దెయ్యాన్ని పుట్టించడం ఎంత పని అనుకుంటారు. అనకాపల్లిలో నేను పుట్టించిన దెయ్యం మాత్రం నాకే తెలియకుండా పుట్టింది. వీధి వీధంతా దాన్ని విని వణికింది. నిక్షేపంలాంటి ఇల్లొకటి నేలమట్టం కాబోయింది. మీరు నవ్వుకోవచ్చు. నేనప్పుడు నవ్వలేదు.

నాలుగేళ్ళ కిందటి మాట. నేను మేడమీద అద్దెకుండేవాణ్ణి. కింద ఇంటి యజమాని అప్పలనాయుడు, అతని తల్లి సన్యాసమ్మ, తండ్రి. తండ్రిని అందరూ తాతగారనే అనేవారు. ఆయన బెల్లం వండితే పాకం ఆయన మాట వినేదని చెప్పుకునేవారు. ఆదివారం సంచికకు రాద్దామని ఆయన్ని హాల్లో కూర్చోబెట్టి గంటసేపు ఫోన్లో వీడియో తీశాను. నేను రాసేలోగా ఆయన వెళ్ళిపోయారు. పోవడం కూడా ధనిష్ఠా పంచకంలో పోయారు. ఆ నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలి. తాళం పెట్టి తల్లీకొడుకులు చీడికాడలో చుట్టాలింటికి చేరారు. నా మెట్లు బయటినుంచి కనుక దోషం మేడ ఎక్కదని పంతులుగారు తేల్చారు. నీళ్ళ మోటారు కోసం కింద కరెంటు ఆపలేదు. హాల్లో టీవీ స్విచ్చి కట్టేయడం ఎవరికీ తోచలేదు.

ఇక నా తెలివితేటలు. ఆ వీడియోను ఫోన్లో చోటు చాలక నెట్లో దాచాను. నా పాత వైఫై పెట్టె దాన్ని తెరవలేక గిరగిరా తిరిగేది. ఇంటర్నెట్ ఆఫీసుకు వెళితే కౌంటర్లో ఉన్నావిడ ఓపిగ్గా చెప్పింది. పాత పెట్టె, దాని అడాప్టర్ అప్పగిస్తే కొత్తది ఇస్తారట. కొత్తదానికి రెండు బ్యాండ్లట. ఒకటి నెమ్మదిగానైనా గోడలు దాటిపోతుంది, రెండోది దగ్గర్లోనే కానీ మహా వేగం.

"పేరూ పాస్‌వర్డూ మార్చుకోండి సార్, మంచిది" అంది.

"పాతవే ఉంచమ్మా. ఇంట్లో అన్నిటికీ మళ్ళీ ఎవడు కొడతాడు?" అన్నాను.

ఆ పాస్‌వర్డే తాతగారి టీవీకి కూడా నా చేత్తో కొట్టి ఇచ్చానన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి వీడియో తెరవగానే ఫోను ఇంగ్లీషులో ఏదో అడిగింది, కళ్ళజోడు చేతిలో లేదు. పెళ్ళిలో ఎవరు పలకరించినా తలూపేసినట్టు నేను దేనికైనా సరే అని నొక్కేస్తాను. నొక్కాను. బొమ్మ నల్లబడింది, మాట పోయింది. సౌండు చివరిదాకా పెంచాను. ఎండకి తలుపులు బిగించి, ఫ్యాను హోరులో, గుడ్లగూబలా దాని ముందు గంటసేపు కూర్చున్నాను. కొత్త పెట్టె మాటను మింగేస్తోందని నిర్ధారించుకున్నాను. మర్నాడు మూడింటికి అదే తంతు. ఆ మర్నాడూ అదే.

మూడోనాడు నా ఫోను ఇంకా నల్లగా ఆడుతుండగానే, రాజయ్యపేట నుంచి చేపలు తెచ్చే పోలమ్మ గంప గేటు దగ్గరే వదిలేసి మెట్లెక్కి వచ్చింది.

"బాబూ, కిందింట్లో తాతగోరు మాటాడతన్నారు."

"తాళం వేసిన ఇంట్లోనా? పక్కింటి రేడియో అయ్యుంటుంది."

"ఇరవయ్యేళ్ళు ఆయనకి సేపలమ్మేను. బేరం సేసే గొంతు నాకు తెల్దా?"

నవ్వుతూ దిగాను. ఆఖరి మెట్టు మీద నవ్వు ఆగిపోయింది. మూడింటి ఎండలో వీధి, కుక్క కూడా కదలడం లేదు. మూసిన కిటికీ వెనకనుంచి, నూతిలోంచి పిలిచినట్టు, తాతగారు.

"మంట తగ్గించొద్దు... అది కాగాలి..."

తలుపు కింద సందులోంచి నీలం వెలుతురు వణుకుతూ నా చెప్పులదాకా వచ్చి వెనక్కి పోయింది. తర్వాత ఇంకో గొంతు వినిపించింది. బొంగురుగా, దయ లేకుండా.

"తర్వాత?"

తాతగారు ఏదో గొణిగారు.

"తర్వాత ఏమవుతుంది? సరిగ్గా చెప్పండి."

నేను మెట్లెక్కానో ఎగిరానో తెలియదు. ఆ సాయంత్రం వీధి నా చుట్టూ చేరింది. పెద్దమనిషిని, పేపరువాణ్ణి, నా మాటకు విలువ. ఆ విలువంతా ఒక్క వాక్యంలో ఖర్చు పెట్టేశాను. ముప్ఫయ్యేళ్ళు గొంతులు విని రాసినవాణ్ణి కనుక చెబుతున్నాను, మొదటిది తాతగారిది, రెండోది మనిషి గొంతు కాదు అన్నాను. యమభటుడు విచారణ చేస్తున్నాడని, కాగుతున్నది నూనేనని వీధి తేల్చేసింది. నేను కాదనలేదు.

పొమ్మనలేక పొగబెట్టారంటారు. నేను పొగైనా లేకుండా ఆ కుటుంబాన్ని సాగనంపాను. అప్పలనాయుడు ఫోన్ చేశాడు. "రిపోర్టర్ గోరే ఇన్నారంటే ఇంకేటుంది సార్. ఇల్లు పడగొట్టుకునేవోళ్ళకి ఇచ్చేత్తాను." శుక్రవారం వాళ్ళని తీసుకొస్తానన్నాడు. సన్యాసమ్మ మాత్రం తన చెయ్యి పడని ఇటుక ఆ గోడల్లో లేదని, అమ్మనివ్వనని రెండు రోజులు అన్నం మానేసిందట.

నేను మాత్రం నా పోరాటం ఆపలేదు. ఇల్లు దెయ్యానిది, పెట్టె కంపెనీది. రెండూ వేరు వేరు కేసులు. ఆ పెట్టెను ఒకసారి మార్పించాను. కొత్తదీ మాట మింగింది. మళ్ళీ వెళితే కౌంటరావిడ తల అడ్డంగా ఊపింది. "ఇంకోసారి మార్చాలంటే మా మెకానిక్ ఇంటికొచ్చి లోపం కళ్ళారా చూడాలి సార్. రూలు."

మెకానిక్ గోవిందు శుక్రవారమే దొరికాడు. మూడింటికి కింద గేటు దగ్గర అప్పలనాయుడు, సన్యాసమ్మ, కొనేవాళ్ళిద్దరు. వాళ్ళ కంట పడే ధైర్యం లేక పైనే ఉండిపోయాను.

"పెట్టండి సార్, సూద్దాం" అన్నాడు గోవిందు.

పెట్టాను. నల్లబడింది. "చూశావా, మాట లేదు" అన్నాను గెలిచినట్టు.

తెరిచి ఉన్న తలుపులోంచి వినిపించింది, కింద తాతగారు మొదలెట్టారు. నేను గోవిందు వెనక్కి జరిగాను. కొనేవాళ్ళ బండి స్టార్టయి సందు మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది. గోవిందు ఫోను తీసుకుని ఒకచోట నొక్కాడు. తాతగారు ఆగారు. మళ్ళీ నొక్కాడు. మాట్లాడారు.

"సార్, మీ ఫోను కిందింటి టీవీలో ఆడతంది" అన్నాడు. "టీవీలో సూపించమంటారా అని ఫోను అడిగితే మీరే సరే అన్నారు."

నన్ను కిందికి నడిపించుకెళ్ళాడు. సంగతి విని అప్పలనాయుడు నన్ను నిలదీశాడు. "మరా రెండోవోడెవడు సార్? మనిషే కాదన్నారు."

గోవిందు వీడియోను ఫోన్లోనే పెట్టాడు. "తర్వాత?" అంది ఫోను. అందరూ నా మొహం చూశారు. ఎవడి గొంతు వాడికి తెలియదంటారు. నాది నాకు యమభటుడిలా వినిపించింది.

సన్యాసమ్మ ఫోను రెండు చేతుల్లోకి తీసుకుని భర్త మొహం చూస్తూ ఆఖరుదాకా విన్నది. ఇల్లు ఎక్కడికీ పోదని కొడుక్కి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"యముడే నయం బాబూ. ఓపాలి అడిగి ఊరుకుంటాడు. నువ్వు ఒకే మాట మూడుసార్లడిగేవు. ముసిలోడికి మంచినీళ్ళయినా ఇచ్చేవా?"

ఇవ్వలేదు. వీడియోలో సాక్ష్యం ఉంది.

కాబట్టి అనకాపల్లి బెల్లం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కళ్ళజోడు పెట్టుకోకుండా ఏ యంత్రానికీ సరే అనను. ముందు నా గొంతు నేను వినకుండా ఏ గొంతునూ యమలోకానికి అంటగట్టను. ఎవరిని ప్రశ్న అడిగినా, ముందు గ్లాసుడు మంచినీళ్ళిస్తాను.