వెండి పన్ను, మూలుగబొక్క

పండ్లూడగొట్టుకోను ఏ రాయైతేంది అంటరు గదా. నాకు రాయి గూడ అక్కర రాలే, కూరలున్న మేక బొక్కతోనే పనైపోయింది. అదీ జమ్మికుంటల, అత్తగారింట్ల, అందరి ముంగట. ఇప్పటికీ యాదికొస్తే చెంప పట్టుకుంట.

అప్పుడు నేను బెల్లంపల్లి బొగ్గుబాయిల పనిచేస్తుంటి. వెనక పండ్లు రెండు పుచ్చినయి. పండ్ల డాక్టరు కాడికి పోయి, ఒకదాన్ల సిమెంటు వెట్టు, ఒకదాన్ల వెండి వెట్టు, ఏది ఎక్కువ నిలుస్తదో సూద్దామన్న. రెండు చెలకలల్ల రెండు రకాల పత్తి ఏసి సూసినట్టు. ఆయిన నన్ను ఎగాదిగా సూసి, ఎడమదాన్ల తెల్ల సిమెంటు వెట్టిండు, కుడిదాన్ల పాదరసం గలిపిన వెండి ముద్ద కూరిండు. సిమెంటు ఏడాది తిరక్కముందే అరిగి గుంతవడ్డది. వెండి నల్లగైంది గని కదలలే.

డాక్టరు ముందే చెప్పిండు. "వెండి శానేండ్లు ఉంటది. గని నీ పన్ను గోడ పల్సగున్నది, గట్టియి కొరుకకు."

నేను సగమే ఇన్న. ఏ సగమో మీకు చెప్పాల్నా?

పెండ్లైనంక మొదటిసారి అత్తగారింటికి పోయిన. మా మామకు నమిలే పన్ను ఒక్కటే మిగిలింది, అదీ పుచ్చింది. తెల్లారి డాక్టరు కాడికి పోవాలె. మనిషి పరేషాన్‌ల ఉన్నడు. ఇది గూడ పోతే బువ్వ పిసుక్కొని మింగుడే అల్లుడా, ఏది నింపిచ్చుకోవాలె అని అడిగిండు.

వెండే మామా అన్న. కాష్టంల గూడ మిగుల్తదన్న.

గంతల మా అత్త నా పళ్లెంల మూలుగబొక్క ఏసింది. కొత్తల్లునికి అది మర్యాద. తెలివున్నోడు పళ్లెంకు కొట్టుకొని మూలుగ జుర్రుకుంటడు. నా పెండ్లాం లచ్చవ్వ తలుపు సందుకెల్లి అదే సైగ చేసింది. నేను ఇంటనా? "సూడు మామా" అని కుడి పన్ను కింద వెట్టి కొరికిన.

టక్ అన్నది. బొక్క పలిగిందనుకొని మామ శెభాష్ అన్నడు. నేను నవ్వుదామని నోరు తెరిస్తే పళ్లెంల వెండి ముద్ద రాలింది. దాని ఎంబడే సగం పన్ను. బొక్కకు గీత గూడ వడలే.

అత్త చేతిల గంటె ఆడనే ఆగింది. మామ చెయ్యి దానంతట అదే తన చెంప మీదికి పోయింది. నాకు నొప్పి కంటె ముందు సిగ్గొచ్చింది. బాయిల రోజూ సూసేటోన్ని గదా, కప్పు కింద నిలవెట్టిన మొద్దు ఎంత గట్టిదైనా, పక్క గోడ పల్సగైతే మొద్దు మంచిగనే ఉంటది, గోడ కూలుతది. బాయిల తెల్సింది నోట్లె తెల్వకపాయె.

మామ ఆ వెండి ముద్దను కడిగి, అటు తిప్పి ఇటు తిప్పి సూసిండు.

"నువ్వు చెప్పింది నిజమే అల్లుడా. వెండికి ఏం గాలే."

ముద్దను నా చేతిల వెట్టిండు. అటెనుక మెల్లగ అన్నడు, "నేను సిమెంటే పెట్టిచ్చుకుంట. అది పోతే అదొక్కటే పోతది."

తెల్లారి ఇద్దరం ఒక్క బస్సులనే పోయినం. మామ పన్ను నింపిచ్చుకోను, నేను మిగిలిన సగం పీకిచ్చుకోను. చెంపకు రుమాలు గట్టుకొని ఆ బస్సులనే వేములాడ రాజన్న మీద ఒట్టు వెట్టుకున్న: మూలుగబొక్కనైతే ఇడువ, గని ఇగ ఈ జన్మల ఎవ్వల పన్నుకూ నా పన్నును సాక్ష్యం వెట్ట.