విశాఖకి ఎవరు వెళ్తారు?

మా గురుగ్రామ్ ఆఫీసులో నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది: "వైజాగ్? నైస్ బీచ్!" పదిహేడేళ్ళుగా వింటున్నాను. ఆ ఊళ్ళో మనుషులు పొద్దున్నే లేచి ఇసుకలో బొర్లుతూ పొద్దుపుచ్చుతారన్నట్టే మాట్లాడతారు. అది మా ఊరు, నేను అక్కడే ఇంజనీరింగ్ చదివాను. నాతో చదివినవాళ్ళలో ఇసుక మీద కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, ఇదిగో ఇలా ఢిల్లీ దుమ్ములోనో కూర్చున్నారు.

పోయిన ఏడాది మా కంపెనీ కొత్త సెంటర్ తెరవాలనుకుంది. చూస్తున్న ఊళ్ళ జాబితాలో విశాఖ కూడా ఉంది. ఆ వార్త విని నాకంటే ఎక్కువ సంబరపడింది మా టీములో పనిచేసే మా ఊరి తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, నన్ను అక్కా అంటాడు, అంతే. ముప్పై మూడేళ్ళవాడు, ఆఫీసు దగ్గర పీజీ హాస్టల్లో ఉంటాడు. భార్య విశాఖలో ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె ఉద్యోగం రాష్ట్రం దాటి కదలదు, ఇతనిది గురుగ్రామ్ దాటి కదలదు. నాలుగేళ్ళ పాప తల్లి దగ్గరే పెరుగుతోంది.

"మొన్న సెలవుకెళ్తే, నా చేతిలో ఫోన్ లాక్కుని అందులో నాన్న కోసం ఎతికిందక్కా" అని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. "సెంటరొస్తే ఫస్ట్ ట్రాన్స్‌ఫర్ నాదే, సూస్కో" అన్నాడు.

ఢిల్లీ జనక్‌పురిలో మా ఇంట్లో ఆదివారం భోజనాలు ఆనవాయితీ. మా ఆఫీసులో మా ఊరివాళ్ళం పన్నెండుమందిమి. చర్చికెళ్ళేవాళ్ళు ప్రార్థన అయ్యాక వస్తారు, తక్కినవాళ్ళు నిద్ర లేచాక వస్తారు. నేను చేపల పులుసు పెడతాను. మొదటి ముద్ద లోపలికి వెళ్ళీ వెళ్ళకముందే ఉపన్యాసాలు మొదలు.

"మనూరికేటి తక్కువండీ? పోర్టుంది, ఎయిర్‌పోర్టుంది, ఊరి చుట్టూ కాలేజీలే!"

"ఈ గురుగ్రామ్‌లో ఏటుందని? అరగంట వాన పడితే ఆఫీసుకెళ్ళడానికి పడవ కావాల!"

నిజమే కదా! గురుగ్రామ్ మాత్రం తల్లి కడుపులోంచే ఐటీ సిటీగా ఊడిపడిందా? పొలాల్లో అద్దాల మేడలు లేపారు. రోడ్లు తర్వాత వేశారు, మురుగునీళ్ళు ఎటు పోవాలో ఇప్పటికీ తేల్చలేదు. అన్నీ అమిరాక ఇక్కడికి ఎవరూ రాలేదు, జనం వచ్చాకే ఒక్కొక్కటీ అమిరింది. మా ఊరిని మాత్రం ముందు అన్నీ చూపించు, తర్వాత చూద్దాం అంటారు. ఇదెక్కడి న్యాయం?

సెంటర్ వార్త వచ్చిన నెలలోనే హెచ్.ఆర్. నుంచి మా పన్నెండుమందికీ ఒక ఫారం వచ్చింది. ఒకటే ప్రశ్న. విశాఖలో సెంటర్ పెడితే వెళ్తారా? అవును, కాదు. పేరు రాయక్కర్లేదన్నారు. కానీ మన ఐ.డి.తో లాగిన్ అయితే గానీ అది తెరుచుకోదు. ఇక పేరు అడక్కపోతే మాత్రం వాళ్ళకు తెలీదా?

దాన్ని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అవును అంటే, ఈమె మనసు ఇక్కడ లేదు అనుకుంటారు. ప్రమోషన్ జాబితాలోంచి నా పేరు మెల్లగా జారిపోతుంది. ఎలాగూ మిగతావాళ్ళు పెడతారుగా, నా ఒక్కదాని టిక్కుతో ఆగిపోతుందా ఏమిటి అనుకున్నాను. కాదు మీద నొక్కేసి టీ తాగడానికి వెళ్ళాను.

రెండు వారాల తర్వాత మీటింగ్. మా పెద్ద బాసు కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు: "దేఖియే, వైజాగ్ మే సీనియర్ టాలెంట్ నహీఁ మిలేగా." అక్కడ అనుభవమున్నవాళ్ళు దొరకరట!

నాకు తిక్క రేగింది. లేచి నిలబడ్డాను. "సర్, మీ ప్రాజెక్టులు నడుపుతున్నది ఎవరు? మా ఊరి టాలెంటంతా ఈ ఫ్లోర్లోనే ఉంది. మమ్మల్ని ఇక్కడికి తెచ్చుకుని, అక్కడ ఎవరూ లేరంటే ఎలా?" అన్నాను. మా ఊరివాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. తమ్ముడైతే చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

బాసుకు కోపం రాలేదు. తర్వాతి స్లైడ్ వేశాడు. వెళ్తామన్నవారు ఒకరు. వెళ్ళబోమన్నవారు పదకొండుమంది. "మీ వాళ్ళే వెళ్ళరట మేడమ్, నేనేం చెయ్యను?" అన్నాడు.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అందరం ల్యాప్‌టాప్‌లలోకి దూరిపోయాం. సెంటర్ ఇంకో పెద్ద నగరానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం తమ్ముడు నా సీటు దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు: "అక్కా, లెక్కలో ఏదో పొరపాటు జరిగింది. ఆ ఒక్కడూ నేనే. మరి నువ్వు పెట్టింది కనపడలేదేటి? సిస్టమ్‌లో ఎక్కలేదేమో. హెచ్.ఆర్.కి మెయిల్ పెట్టనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అబద్ధం చెప్పడం ఎంత తేలికో! సిస్టమ్ మీదికి నెట్టేస్తే సరిపోయేది.

"పొరపాటేం లేదు నాన్నా. నేను కాదు అనే పెట్టాను."

"అచ్ఛా" అన్నాడు. తిట్టినా బాగుండేది. బ్యాగు తగిలించుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు.

ఆదివారం పులుసు పెట్టాను. తమ్ముడు రాలేదు. మిగతా పదిమందీ ఠంచనుగా వచ్చారు. వడ్డన పూర్తయిందో లేదో, ఒకాయన అందుకున్నాడు: "మనూళ్ళంటే ఈళ్ళకి ఎంత సులకనో సూశారా? మనూరికేటి తక్కువండీ?"

గరిట గిన్నెలో పెట్టేశాను.

"మన ఊరికి తక్కువైంది మనమే. నేను కాదు అని పెట్టాను. మీరేం పెట్టారో ఒక్కొక్కరూ చెప్పి, అప్పుడు అన్నం కలుపుకోండి" అన్నాను.

పది కంచాల్లో పులుసు అలాగే చల్లారింది.