దైవశాస్త్రం చదివే ముందు ఆళ్లగడ్డకు

10 జూన్ 1981, బుధవారం. పొద్దున మబ్బు, గాలి లేదు. వానలు రాకముందే మిద్దె కారకుండా దాని మీద చవుడు మట్టి పరిచి, కాళ్లు కడుక్కుని నంద్యాల బస్టాండుకు వెళ్లాను.

నేను చర్చిలో ఆదివారం వాక్యం చదివేవాణ్ణి. బడి చదువు అయిదో తరగతితో ఆగింది. తక్కినది సొంతంగా నేర్చుకున్నాను. ఈ ఏడు పోస్టు ద్వారా దైవశాస్త్రం చదవమని సంఘపెద్దలు అంటున్నారు. నాకూ ఆశే. కానీ మా నాయన బాప్తిస్మం తీసుకోకుండానే పోయాడు. ప్రతి ఆదివారం మమ్మల్ని బండిలో చర్చికి తెచ్చి, తాను బయట ఎద్దుల దగ్గరే కూర్చునేవాడు. ఆయనకు రక్షణ లేదని నా నోటితో చెప్పించే చదువైతే నాకు వద్దు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఆళ్లగడ్డలో ఈ చదువు చెప్పి రిటైరైన అయ్యగారు ఒకరున్నారని విని, అడిగి తేల్చుకుందామని బయలుదేరాను.

ఎనిమిది గంటల బస్సు, టికెట్టు నాలుగు రూపాయలు, శిరివెళ్ల మీదుగా గంటన్నర ప్రయాణం. కండక్టరు నా ఒళ్లో సంఘపెద్దలు ఇచ్చిన పుస్తకం చూసి, “ఏందప్పా అది?” అన్నాడు.

“దైవశాస్త్రం.”

“దేవుని కోసం ఆళ్లగడ్డ దాకా యాలప్పా? మా డ్రైవరన్న తోల్తాంటే ఈడ అందురూ దేవుణ్ణే తలుచుకుంటాండారు.”

డ్రైవరు వెనక్కి తిరగకుండానే, “నువ్వు చిల్లర ఇయ్యకుండా జనానికి ఓర్పు నేర్పుతాండావ్ లే,” అన్నాడు.

ఆళ్లగడ్డ బస్టాండు నుంచి అయ్యగారి ఇంటికి పది నిమిషాల నడక. అయ్యగారు, ఆయన భార్య నాకు జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. తిని చేతులు కడుక్కున్నాను. మా నాయన సంగతి చెప్పి, “ఈ చదువు చదివితే ఆయన నరకానికి పోయినాడని చెప్పల్లనా అయ్యా?” అని అడిగాను.

ఆయన నా పుస్తకం తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. “గ్రంథంలో ఏముంది, దాని అర్థమేంది, మనకంటే ముందు నమ్మినోళ్లు ఏమనుకున్న్యారు, ఈ పొద్దు జనంతో ఎట్ల మెలగల్ల? దైవశాస్త్రం పొలిమేర అంతే అప్పా. ఎవర్ని యాడికి పంపల్లనేది ఆ పొలిమేర బయట. అది దేవుని పని.”

లోపలి నుంచి ఆయన భార్య అన్నారు: “ఇప్పుడు బాగానే చెప్తాండాడు. మా యమ్మ గురించి నేను ఇదే అడిగితే దినమంతా నోరు తెరవల్యా.”

“ఆ దినమే నేర్చుకున్న్యాలే,” అన్నారాయన. నాకు దరఖాస్తు కాగితం ఇచ్చారు.

దేవుని గురించిన చదువంటే అన్నిటికీ జవాబు ఉండాలని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఎక్కడ ఆగాలో కూడా ఆ చదువే చెబుతుందని తెలిశాక గుండె తేలికపడింది. ఇలాంటి పని మీద వెళ్లేవారికి ఒక మాట: తిరుగు బస్సు పన్నెండు లోపే ఎక్కండి, ఆ తర్వాత సీటు దొరకదు.

బస్సు కోసం బెంచీ మీద కూర్చుని దరఖాస్తు నింపాను. తండ్రి పేరు అన్న చోట మా నాయన పేరు రాశాను. ఆయన మతం ఏదని ఆ కాగితం అడగలేదు.