తలుపు లోపలి రాత

నన్ను బద్ధకస్తుడన్న మనిషిని నేను మూడేళ్ళు చలిలో కూర్చోబెట్టాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఉండాల్సినంత సిగ్గు కూడా లేదని మా ఆవిడ అంటుంది. అది నిజమే కావచ్చు.

తొంభైల్లో బెంగళూరు దగ్గర జిగణిలో ఒక మాత్రల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. కాంట్రాక్టరు తరఫు మనిషిని. యలహంకలో చీకటితో లేచి రెండు బస్సులు మారితే ఎనిమిదింటికి గేటు దగ్గర ఉండేవాణ్ణి. నా పని గాలిని చూసుకోవడం. మాత్రలు తయారయ్యే గదిలో గాలి ఎంత చల్లగా ఉండాలో, అందులో తేమ ఎంతకు మించకూడదో కచ్చితమైన హద్దులుంటాయి. తేమ ఎక్కువైతే మాత్రలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ వేడినీ తేమనీ పసిగట్టే సెన్సార్లు బిగించడం, అవి సరిగా చెబుతున్నాయో లేదో పదిహేను రోజులకోసారి సరిచూడడం నా ఉద్యోగం.

గది నుంచి గాలి తిరిగి వెనక్కి వెళ్ళే రేకు గొట్టాన్ని రిటర్న్ డక్టు అంటాం. తేమ సెన్సార్ అందులోనే ఉండాలి. గదిలోని సంగతి గదిలోంచి వచ్చే గాలికే తెలుస్తుంది మరి. కానీ ఆ ఫ్యాక్టరీలో రిటర్న్ డక్టు ఫాల్స్ సీలింగు పైన, ఓ మూలన ఉండేది. దాని దగ్గరికి పోవాలంటే పొట్ట మీద పాకాలి. గ్లాసు ఉన్ని గుచ్చుకుని రెండు రోజులు చేతులు దురద పెట్టేవి. మా ఆవిడ నా చొక్కాలు వేరే బకెట్లో ఉతికేది. అలా పాకి వెళ్ళి, సెన్సార్ చూసి, కిందికి దిగి, గదిలో నా తడిగుడ్డ థర్మామీటరు తిప్పేవాణ్ణి. చెక్క పిడికి రెండు థర్మామీటర్లుంటాయి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాల్లో గిరగిరా తిప్పితే రెండిటికీ మధ్య వచ్చే తేడాని బట్టి తేమ ఎంతో పట్టికలో చూసుకోవచ్చు. ప్యాకింగ్ ఆడవాళ్ళు జాతరలో గిలక్కాయ తిప్పుతున్నట్టుందని నవ్వేవాళ్ళు. ఆ గుడ్డకు చేతి జిడ్డు తగిలినా లెక్క తప్పుతుంది. తలకు నూనె పెట్టుకున్న రోజు నేను ఆ గుడ్డ జోలికి పోయేవాణ్ణి కాదు. అంత శ్రద్ధగా చేసేవాణ్ణి. ఎందుకు చెబుతున్నానంటే, నన్ను ఏమన్నా పడేవాణ్ణి గానీ బద్ధకం అన్న మాట మాత్రం నాకు పడదు.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. గాలిని చల్లబరిచి తోసే యంత్రాన్ని ఏహెచ్‌యూ అంటాం. ఒక చిన్న గదంత ఇనుప పెట్టె. లోపల ఫ్యాను, చల్లనీళ్ళ కాయిలు, హీటరు, ఫిల్టర్లు ఉంటాయి. దాని తలుపు తెరిచిన ప్రతివాడూ తాను చేసిన పని ఆ తలుపు లోపలి వైపు రాసిపోతాడు. ఫిల్టరు మార్చిన తేదీ, బెల్టు సైజు, బేరింగుకు గ్రీజు పెట్టిన రోజు. తర్వాత వచ్చేవాడికి అదే చరిత్ర పుస్తకం. ఆఫీసులో ఉండే రిజిస్టరును ఎవరైనా దిద్దవచ్చు గానీ తలుపు మీద రాతను ఎవరూ ముట్టుకోరు. తమిళంలో, కన్నడలో, మలయాళంలో, హిందీలో రాసేవాళ్ళు. నేను తెలుగులో రాసేవాణ్ణి. నాకు పని నేర్పిన మేస్త్రీ ఒకే మాట చెప్పాడు. "ఏం చేసినావో రాయి. ఎవురు చెప్తే చేసినావో అదీ రాయి."

ఆ ఫ్యాక్టరీ మేనేజరు పాత బెంగళూరు తెలుగువాడు. తాత ముత్తాతల నుంచి పేటలోనే ఉన్న కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు. నేను తెలుగువాణ్ణని నా మీద కాస్త అభిమానం. "ఏమప్పా, టిఫిన్ అయిందా?" అని పలకరించి తన డబ్బాలో చిత్రాన్నం సగం నా మూత మీద పెట్టేవాడు. ఆ చిత్రాన్నం తిన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఒక ఏడు వానలు విపరీతంగా పడ్డాయి. తేమ దిగడం లేదు. కాయిలు పాతబడ్డాయి, మార్చమని నేను రెండుసార్లు చెప్పాను. వారంలో ఆడిట్, అంటే మందుల నాణ్యత తనిఖీ ఉంది. ఆయన నన్ను ఏహెచ్‌యూ దగ్గరికి తీసుకెళ్ళి తలుపు తెరిపించాడు.

"ఏమప్పా, పైనుండే తేమ సెన్సార్ ఇప్పేసి ఈడ, హీటర్ పక్కన పెట్టు. ఆడిట్ అయిపోనీ, మళ్ళా మార్చేద్దాం."

హీటరు పక్కన గాలి కాగి ఉంటుంది. కాగిన గాలిలో తేమ శాతం ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది.

"సార్, ఈడ పెడితే రూములో తేమ దానికి తెలీదు" అన్నాను.

"తెలీకూడదనే కదప్పా చెప్పేది."

పెట్టాను. నా చేతులతో నేనే పెట్టాను, అది నా తప్పే. కానీ పెట్టిన వెంటనే తలుపు లోపల పెన్సిలుతో తేదీ వేసి, తేమ సెన్సార్‌ను మేనేజరు మాట మీద రిటర్న్ నుంచి తీసి హీటరు దగ్గర పెట్టానని రాశాను. ఆయన నా వెనకే నిలబడి చూశాడు. ఏం రాశావని అడగలేదు.

ఆడిట్‌కు వచ్చినావిడ గట్టి మనిషి. తన సంచిలోంచి నా దగ్గరున్నటువంటి థర్మామీటరే తీసి గదిలో తిప్పింది. తేమ అరవై మూడు శాతం వచ్చింది. ప్యానెల్ మీద నలభై ఐదు. సెన్సార్ ఎక్కడుందని అడిగి, వెళ్ళి చూసింది. హీటరు పక్కన దాన్ని చూడగానే అందరూ మేనేజరు వైపు తిరిగారు. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పైన పాకేదానికి బద్ధకమప్పా ఇతనికి. యాడ సులువైతే ఆడ పెట్టేసినాడు. నాకు చెప్పనే లేదు."

మొదట కన్నడంలో చెప్పి, తర్వాత నాకు వినపడేలా తెలుగులో కూడా అన్నాడు. పది పన్నెండు మంది ఉన్నారు. నన్ను చూసి నవ్వే ప్యాకింగ్ ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నా చెవులు కాలిపోయాయి. "తలుపు చూడండి, తలుపు లోపల రాసినాను" అని అరిచాను. తలుపు మొత్తం తెరిచారు.

లోపలి వైపంతా వెండిరంగు పెయింటు మెరుస్తోంది. వేలు పెడితే ఇంకా అంటుకుంటోంది. ఆడిట్‌కు శుభ్రంగా ఉండాలని నిన్ననే వేయించానన్నాడు. నన్ను నిన్నంతా ఇంకో బ్లాకుకు ఎందుకు పంపాడో అప్పుడు అర్థమైంది. తెలుగు చదవలేడు కాబట్టి నా రాతల్లో ఏవి తన మీదికి వస్తాయో ఆయనకు తెలియలేదు. అందుకని అందరి రాతలూ తుడిపేశాడు. ఎన్నేళ్ళ ఫిల్టరు తేదీలో, ఎంతమంది చేతిరాతలో అన్నీ ఆ పెయింటు కిందికి పోయాయి.

గేటు దగ్గర నా కార్డు తీసుకున్నారు. బెంగళూరులో డక్టుల పని చేసేవాళ్ళం ఆ రోజుల్లో ఒక బస్సుకు సరిపోయేంత మందిమి. నాకంటే ముందు నా పేరు చేరిపోయేది. పని కోసం పీణ్యకు పోతే, "ఓ, పాకేదానికి బద్ధకపడినోడివి నువ్వేనా" అన్నారు. కె.ఆర్.పురంలో ఒకాయన ఆ మాట నవ్వుతూ అన్నాడు, నాకు కొట్టాలనిపించింది. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాను. కూర్చుంటే ఇంకా మంట, నిజంగానే బద్ధకస్తుణ్ణి అయిపోయినట్టు. నిద్రలో కూడా ఆ మనిషిని ఆ తలుపు ముందు నిలబెట్టి నిజం చెప్పించేవాణ్ణి. "ఇంక ఇడిసిపెట్టు" అనేది మా ఆవిడ. నేను వదల్లేదు. పగ పెట్టుకుంటే మనిషి చెడిపోతాడంటారు గానీ నన్ను మాత్రం ఆ రోజుల్లో మంచం మీంచి లేపింది పగే.

మెల్లగా పని దొరికింది. కంప్యూటరుతో నడిచే సెన్సార్లు వచ్చాయి, నేర్చుకున్నాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళకు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక పెద్ద అద్దాల బిల్డింగులో సెన్సార్లన్నీ నా చేతి కింద ఉండేవి. ఒక రోజు అక్కడికి బిల్డింగు నిర్వహణంతా చూసే కొత్త ఫెసిలిటీ హెడ్ వచ్చాడని పరిచయానికి పిలిచారు. వెళ్ళి చూస్తే ఆయనే. జుట్టుకు రంగు, మెడలో ట్యాగు. నాకు మీసం పోయి పొట్ట వచ్చింది. "ఏమప్పా, చెన్నాగిద్దీరా?" అని, బాగున్నారా అని అందరినీ అడిగినట్టే నన్నూ కన్నడంలో అడిగాడు. గుర్తుపట్టలేదనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆయన క్యాబిన్ సెన్సార్‌కు మూడు డిగ్రీలు కలిపాను. ప్రతి సెన్సార్‌కు కంప్యూటరులో ఆఫ్‌సెట్ అని ఒక గడి ఉంటుంది. చిన్న చిన్న తేడాలు సరిచేయడానికి పెట్టారు దాన్ని. అందులో మూడు వేస్తే, గది ఇరవై ఒకటి ఉన్నా తెర మీద ఇరవై నాలుగని కనిపిస్తుంది. యంత్రం ఇంకా ఉక్కగా ఉందనుకుని చల్లగాలి తోస్తూనే ఉంటుంది. మనిషి చచ్చేంత చలేమీ కాదు, కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి వేళ్ళు బిగుసుకుపోతాయి.

నాలుగు రోజులకు పిలుపు వచ్చింది. నా మీటరు తీసుకుని గంభీరంగా వెళ్ళాను. ఆ రోజుల్లో కంప్యూటరు తెరలు లావుగా, వెనకాల నుంచి వేడి కక్కుతూ ఉండేవి. మీటరును సరిగ్గా ఆ వెనకాల పెట్టి, రెండు నిమిషాలు ఆగి, ఆయనకు చూపించాను. "ఇరవై నాలుగు సార్. కరెక్టుగానే ఉండాది." ఆయన మీటరు వైపు చూశాడు, అది పెట్టిన చోటు వైపు చూశాడు. "సరేలేప్పా" అన్నాడు. మర్నాటి నుంచి స్వెటరు వేసుకొచ్చాడు.

ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. వానాకాలంలో మఫ్లరు చేరింది. తర్వాత వేడినీళ్ళ ఫ్లాస్కు. అద్దంలోంచి ఆయన చేతులు రుద్దుకోవడం కనిపిస్తే ఆ రోజు నాకు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగేది. ఒకసారి దగ్గుతో వారం సెలవు పెట్టాడు. ఖాళీ గదిని చల్లబరచడం దండగని ఆ వారం ఆఫ్‌సెట్ సున్నా చేసి, ఆయన తిరిగొచ్చిన పొద్దున మళ్ళీ మూడు పెట్టాను. ఒక్కటి మాత్రం గుచ్చుకునేది. నెలనెలా రిజిస్టరులో ఆ క్యాబిన్ ఎదురుగా ఇరవై నాలుగని రాసేవాణ్ణి. నా జీవితంలో గదిని సరిగా కొలవకుండా రాసిన అంకె అదొక్కటే. ఆయన నా మీద వేసిన నిందను నేనే నిజం చేస్తున్నానని తెలుస్తూనే ఉంది. అయినా రాశాను.

అలా మూడేళ్ళు గడిచాయి. ఆయన రిటైరయ్యే రోజు మధ్యాహ్నం నన్ను క్యాబిన్‌కు పిలిచి తలుపు వేశాడు. స్వెటరులోనే ఉన్నాడు.

"ఆ మూడు డిగ్రీలు ఇంక తీసేయప్పా. రేపు వచ్చేవానికేం తెలుసు, పాపం."

"ఎట్లా తెలిసింది సార్?" అన్నాను.

"నువ్వు మీటరు తెర ఎనక పెట్టినావు చూడు, అప్పుడే తెలిసిపోయింది ఎవురో. జిగణిలో నేను చేపిచ్చిన పనే కదా అది." సొరుగులోంచి ఒక చిన్న థర్మామీటరు తీసి టేబులు మీద పెట్టాడు. "మూడేండ్లు ఏమీ అనకుండా కూర్చున్నాను. సరిపోయింది కదప్పా?"

నాకు కోపం తగ్గలేదు సరికదా, ఇంకా రగిలింది. మూడేళ్ళుగా నేను శిక్ష వేస్తున్నాననుకున్నాను. ఆయన దాన్ని ఎవరికీ తెలియకుండా, స్వెటరు వేసుకుని, తనకు తాను చెల్లు వేసుకున్నాడు. ఒక్కరి ముందు కూడా నోరు విప్పకుండా బయటపడదామనుకున్నాడు.

"నేనడిగింది చలి కాదు సార్" అన్నాను. "రండి."

పై అంతస్తులో ఏహెచ్‌యూ గదికి తీసుకెళ్ళాను. ఫ్యాను ఆపి తలుపు తెరిచాను. లోపలి వైపు రాతలన్నీ ఉన్నాయి. తేదీలు, బెల్టు సైజులు, నాలుగు భాషలు. జేబులోంచి మార్కరు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఏం రాయాలని ఆయన అడగలేదు. మార్కరు మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. నేను కదల్లేదు.

చివరికి రాశాడు. తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో. ఆ అక్షరాలు నాకు ఇన్నేళ్ళలో వచ్చేశాయి. "జిగణిలో సెన్సార్ మార్చమని నేనే చెప్పినాను. ఇతనికి బద్ధకం లేదు." 'ఇతనికి' అన్నచోట పైన నా పేరు రాసి, కింద తన సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేశాడు.    ఫిల్టరు మార్చడానికి వచ్చే ప్రతివాడూ అది చదువుతాడు. పీణ్యలోనూ కె.ఆర్.పురంలోనూ నన్ను చూసి నవ్వింది అలాంటివాళ్ళే.

మార్కరు తిరిగిచ్చి, "ఇప్పుడన్నా తీసేస్తావా?" అన్నాడు.

"తీసేస్తాను సార్."

కిందికి వచ్చాం. ఆయన క్యాబిన్‌లోకి వెళ్ళి సామాను సర్దుకున్నాడు. వీడ్కోలుకు వచ్చినవాళ్ళు అక్కడే దండ వేశారు, స్వెటరు మీదే. నేను కంప్యూటరు ముందు కూర్చుని ఆ గడిలోని మూడును చూస్తూ ఉన్నాను. అయిదున్నరకు ఆయన కారు గేటు దాటింది. అప్పుడు తీసేశాను.