మామ కుట్టిన చీకటి

చేయని తప్పును మా మామ మీద వేశారు. మంగళవారం ఉదయం ఆయన ఆస్పత్రిలో పోయారు. కంపెనీ రిపోర్టులో మాత్రం ఆ తప్పు ఇంకా ఆయన పేరనే ఉంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. సూలూరు పక్క మిల్లులో గుడ్డ తనిఖీ చేసేవారు. మిల్లు మూతపడ్డాక కుట్టుమిషన్ పట్టారు. కోయంబత్తూరులో నేను పనిచేసే కెమెరా కంపెనీకి చీకటిగది కావలసి వస్తే, తలుపుకూ కిటికీలకూ నల్ల తెరలు కుట్టింది ఆయనే.

మసక వెలుతురులో బొమ్మ తీసే సెన్సార్లను పరీక్షించడం మా పని. మామూలు సెన్సార్ పడిన వెలుతురంతా కూడబెట్టి కొలుస్తుంది. ఈ కొత్తది కాంతిని కణం కణంగా లెక్కపెడుతుంది. నేను కాలేజీ మొహం చూడలేదు, ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మామకు చెబితే, "ఓహో, మేము పోగులు ఎంచినట్టు ఎంచుతాదా?" అన్నారు. అంత సులువుగా నాకు ఏ ఇంజనీరూ చెప్పలేదు.

తెర కట్టాక ఆయన లోపల స్టూలు వేసుకుని అరగంట కూర్చునేవారు. "కన్ను చీకటికి పళక్కం కావాల రా, అలవాటు పడాల. వచ్చీరాగానే చూస్తే అంతా నలుపే." సూదిమొనంత వెలుతురు కనిపించినా కుట్టు విప్పేసేవారు.

అయినా సెన్సార్ లెక్క తగ్గలేదు; పూర్తి చీకటిలో అది దాదాపు సున్నాకు రావాలి. మూడుసార్లు విప్పి కుట్టారు. మేనేజర్ అందరి ముందూ, "ఎన్న పెరియవరే, ఏం పెద్దాయనా, లుంగీ కుట్టే పని అనుకున్నారా?" అన్నారు. "తెరల కుట్టులో లోపం" అని రిపోర్టులో రాసి, మామను పంపేశారు. ఆ మాట పాకి, మిగతా కంపెనీలూ ఆయన్ను పిలవడం మానేశాయి. నేను కొట్లాటకు దిగబోతే మామే చెయ్యి పట్టుకున్నారు: "అరిస్తే సరి అవుతాదా? వెలుతురు యాడనుంచి వస్తాదో వెతుకు, పో."

కోపమే ఆ వెలుతురును పట్టిచ్చింది. మేము పనిచేస్తున్నామో లేదో చూడటానికి మేనేజర్ మొదటినుంచే ఆ గదిలో షెల్ఫు మీద చిన్న నిఘా కెమెరా పెట్టించారు. ఒక మధ్యాహ్నం ఒళ్ళు మండి దాని మీద స్టీలు చెంబు బోర్లించాను. సెన్సార్ లెక్క ఒక్కసారిగా పడిపోయింది. చెంబు తీస్తే మళ్ళీ పెరిగింది. చీకట్లో మమ్మల్ని చూడటానికి ఆ కెమెరా కంటికి ఆనని వెలుతురు చిమ్ముతోంది. మనిషి కన్ను ఎంతసేపు కూర్చున్నా దాన్ని చూడలేదు. సెన్సార్ చూస్తుంది.

అప్పటికే మామ ఆస్పత్రిలో ఉన్నారు. పరుగెత్తి చెప్పాను. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. "మనల్ని చూసేదానికి పెట్టినదే దీపం పట్టుకుని కూర్చుండిందా! అత్తకు చెప్పు రా, నా కుట్టులో తప్పు లేదని." కాసేపటికి, "ఇప్పుడు మనసుకు నిమ్మది," అని అటు తిరిగి పడుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆయన గురక విన్నాను. నా గుండె కూడా అప్పుడే తేలికపడింది. నిజం తెలిసే పోయారు. ఆయనకు అది చాలు. నాకు చాలదు.

మేనేజర్ గారూ, నేను చెంబు పెట్టి చూపించాక కెమెరా తీయించారు, రిపోర్టు మార్చలేదు. వచ్చే శుక్రవారం మామ పదకొండో రోజు. కుట్టులో లోపం లేదని, వెలుతురు మీ కెమెరాదేనని సంతకం పెట్టి, మీరే తెచ్చి మా అత్త చేతికివ్వండి. తమిళంలో రాయండి, ఆమెకు చదవడం వచ్చింది అదే; ఎవరినీ అడగకుండా ఆమె తానే చదువుకోవాలి. ఆ ముందురోజు, గురువారం సాయంత్రం ఐదింటి లోపు.