దిండు కింద నోటు

నా పేరు యాళ్ళ మంగాయమ్మ. వయసు డెబ్బై నాలుగు, ఒకటీ రెండూ అటూ ఇటూ. గురుగ్రామ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో కూతురు, అల్లుడు, మనవరాలితో ఉంటున్నాను. నాకు చదువు రాదు. ఢిల్లీ మునిర్కాలో గది తీసుకుని సర్కారు ఉద్యోగం పరీక్షలకి చదువుతున్న మా కోనసీమ పిల్ల హేమలత నేను చెప్పింది చెప్పినట్టు రాస్తోంది. సొంత మాట ఒక్కటి కలిపినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా ఆడపడుచు, అంటే మా ఆయనకి అక్క, రెండు వారాల కిందట గురువారం పొద్దున్న మా ఇంట్లోనే కన్నుమూసింది. నేను వదినా అని పిలిచేదాన్ని. ఆ కబురు మీకు చేరేలోపే ఇంకో కబురు చేరింది. ఆవిడ తన జబ్బుని నోటులో చుట్టి పనిమనిషికి అంటగట్టిందని, టోట్కా చేసిందని. మన భాషలో చేతబడి అన్నమాట. పనివాళ్ళ నోట మొదలైన మాట మన తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులోకీ వచ్చిందని మనవరాలు చదివి వినిపించింది. శవాన్ని దింపిన లిఫ్టు ఎక్కడం ఇష్టంలేక తొమ్మిది అంతస్తులూ మెట్లు దిగిన చదువుకున్నవాళ్ళని నేను కళ్ళారా చూశాను. ఆ కబురు అబద్ధం. అబద్ధమని తెలిసినదాన్ని నేను. అందుకే మన సంఘం పత్రికలో వేయమని ఇది రాయిస్తున్నాను.

వదిన చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని మస్కట్ వెళ్ళింది. అక్కడ సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో ఇరవై ఏళ్ళు గదులు సర్దింది. గదిలో వాళ్ళు బయటికి వెళ్ళాక లోపలికి వెళ్ళడం, వాళ్ళు తిరిగొచ్చేలోపు బయటపడడం. ఒక్కరి మొహమూ సరిగ్గా చూసి ఎరగనని చెప్పేది. అయినా మనుషుల్ని దిండు కింద చూసి పోల్చుకునేది. అమెరికా వాళ్ళు రోజూ ఒక నోటు పెట్టి, పక్కన కాగితం మీద థాంక్యూ అని రాసేవారట. జపాను వాళ్ళు ఏమీ పెట్టరట, పెడితే పనిచేసే మనిషిని తక్కువ చేసినట్టని వాళ్ళ ఉద్దేశమట. దుప్పటి వాళ్ళే మడిచి, తడిసిన తువ్వాళ్ళు ఒక మూల పేర్చి పోయేవారట.

"మరి మనవాళ్ళో?" అని అడిగాను.

"మనవాళ్ళు సబ్బులు పట్టుకుపోయేవారు" అంది. "ఒకావిడ మాత్రం దిండు కింద రెండు పూతరేకులు పొట్లం కట్టి పెట్టింది. ఎవరో తెలీదు. ఆ రోజు ఆ గదిలో నేల మీద కూచుని ఏడ్చానే" అంది.

ఊపిరితిత్తుల జబ్బుతో వదిన మా దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. పొద్దున్నపూట స్నానం చేయించి పక్క మార్చడానికి సంతోషి అనే అమ్మాయిని పెట్టాం. రాజస్థాన్‌లో అల్వర్ వైపు పిల్ల. వదిన రోజూ చక్రాల కుర్చీలో బాల్కనీలోకి వెళ్ళే ముందు దిండు కింద నాలుగు మడతల నోటు పెట్టేది. మొదటి రోజు సంతోషి దాన్ని ముట్టుకోలేదు. ఈ ప్రాంతంలో జబ్బుమనిషి తల చుట్టూ తిప్పిన డబ్బు ఎక్కడో పడేస్తారట, తీసినవాళ్ళకి ఆ జబ్బు వెళ్ళిపోతుందట. వదిన మస్కట్‌లో నేర్చుకున్న హిందీలో, "బేటీ, యే బఖ్షీష్ హై. బీమారీ నహీ" అని చెప్పింది. ఇది ఈనామమ్మా, జబ్బు కాదు అని. అప్పుడు ఆ పిల్ల తీసుకుంది. తర్వాత రోజూ తీసుకునేది.

నాకు మండేది. నేనూ ఇచ్చేదాన్నే. పండగొస్తే గేటు దగ్గర గార్డునీ, ఊడ్చేవాళ్ళనీ పేరుపేరునా పిలిచి చేతిలో పెట్టి, దండం పెట్టేదాకా నిలబడేదాన్ని. మా ఊళ్ళో పెళ్ళిళ్ళలో అదే పద్ధతి. ఎదురు ఫ్లాటు తెలుగమ్మాయి మాత్రం, "మీరిలా అలవాటు చేస్తే రేపు మమ్మల్నీ అడుగుతారు ఆంటీ" అని సణిగేది.

"దొంగసొమ్ములా దిండు కింద దాచడమేంటి వదినా? పిలిచి చేతిలో పెట్టచ్చుగా" అన్నాను ఒకసారి.

"చేతిలో పెడితే అది నవ్వాలి కదే. ఒంట్లో బాగున్నా లేకపోయినా నవ్వాలి. ఆ నవ్వు నాకొద్దు."

"నవ్వితే పళ్ళూడతాయా దానికి?"

"నువ్వెప్పుడూ ఇచ్చేవైపే నిలబడ్డావు మంగా. నీకేం తెలుస్తుంది."

వానలు తగ్గేసరికి వదిన మెతుకు మింగడం మానేసింది. ఇక రోజుల్లోకి వచ్చిందని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం దీపం పెట్టాక నేను ఒక నోటులో కళ్ళుప్పు రెండు రాళ్ళు, ఒక ఎండుమిరపకాయ తుంపు పెట్టి మడిచాను. నిద్రపోతున్న వదిన తల చుట్టూ మూడుసార్లు అటు, మూడుసార్లు ఇటు తిప్పాను. పొద్దున్నే సిగ్నల్ దగ్గర నాలుగు రోడ్ల కూడలిలో పడేద్దామని దిండు కింద పెట్టాను. పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి సంతోషి పని ముగించుకుని వెళ్ళిపోయింది. దిండు కింద ఏమీ లేదు.

మర్నాడు సంతోషి రాలేదు. వదిన లేచి కూర్చుని చారన్నం అడిగింది.

తొమ్మిది రోజులు అలా గడిచాయి. వదిన గోడ పట్టుకుని బాల్కనీ దాకా నడిచింది. దగ్గు తగ్గింది. బుగ్గల్లోకి రంగొచ్చింది, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి. అయిదో రోజున సంతోషి మొగుడు ఫోన్ చేశాడు. జ్వరం దిగడం లేదని, మనిషి లేవడం లేదని, నోటు విప్పితే ఉప్పు రాలిందని చెప్పాడు. తీసినవాళ్ళు పారేస్తే పోదట, పెట్టినవాళ్ళే వెనక్కి తీసుకోవాలట. నాకు అంతా అర్థమైంది. ఫోన్ పెట్టేసి, వదినకి రెండో ముద్ద కలిపాను. ఈ మాట మెత్తగా రాయొద్దని హేమలతకి చెప్పాను.

పదో రోజు వదిన నన్ను పిలిచింది. అరచేతిలో ఏదో పట్టుకుని ఉంది.

"పరుపు కుట్టులో దొరికింది. నా పక్కలో ఉప్పురాయెందుకుందే?"

"వంటింట్లోంచి వచ్చుంటుంది."

"ఇరవై ఏళ్ళు పరుపులు దులిపినదాన్ని. నాతోనా? సంతోషి ఎందుకు రావట్లేదు?"

"ఊరెళ్ళింది."

వదిన నన్ను అలా చూస్తూ కూర్చుంది. నేను చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఫోన్ కలపమంది. సంతోషి గొంతు వినపడగానే, "బేటీ, వో మైనే రఖా థా. వాపస్ దే దే" అంది. అది నేనే పెట్టాను, తిరిగి ఇచ్చెయ్ అని. నేను పక్కనే ఉన్నాను. తనే పెట్టానని ఆవిడ అనడం వినీ నోరు విప్పలేదు.

సంతోషిని దాని మొగుడు ఆటోలో తీసుకొచ్చాడు. శాలువా కప్పుకుని, గోడ పట్టుకుని వచ్చింది. వదిన చెయ్యి చాపింది. ఆ పిల్ల కొంగు ముడి విప్పి ఆ నోటు తీసి వదిన చేతిలో పెట్టింది. వదిన నవ్వింది. పిడికిలి బిగించి, "జా, ఠీక్ హో జా" అంది. వెళ్ళు, బాగుపడు అని. అది బుధవారం మధ్యాహ్నం. గురువారం పొద్దున్న మేము చూసేసరికి మనిషి లేదు. అదే పొద్దున్న సంతోషికి జ్వరం దిగింది.

ఊరంతా ఇవే జ్వరాలని, పోయేముందు కొందరు అలా తేరుకుంటారని డాక్టరు అన్నాడు. ఆయన చదువు ఆయనది. శ్మశానంలో పిడికిలి విప్పమంటే నేను విప్పనివ్వలేదు.

పదకొండో రోజు భోజనాలకి పనివాళ్ళు ఒక్కరూ రాలేదు. మనవరాల్ని వెంటబెట్టుకుని బేస్‌మెంటులోకి దిగాను. వాళ్ళక్కడ డబ్బాలు విప్పుకుని తింటున్నారు. సంతోషీ ఉంది. నా హిందీ చాలదు కాబట్టి నేను తెలుగులో చెబుతుంటే మనవరాలు హిందీలో చెప్పాలి.

"అమ్మమ్మా, యే సబ్ మత్ బోలో. లోగ్ క్యా కహేంగే" అని, ఇవన్నీ చెప్పొద్దని నా చెయ్యి లాగింది.

"జనం ఏమైనా అనుకోనీ. చెప్పినది చెప్పినట్టు చెప్పవే."

చెప్పింది. ఉప్పు నేను పెట్టానని, తిప్పింది నేనని, ఆవిడ నా తప్పు తన మీద వేసుకుందని, ఫోన్ వచ్చాక అయిదు రోజులు తెలిసీ ఊరుకున్నానని. సంతోషి తింటున్న రొట్టె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"తుమ్‌నే రఖా, తో వో క్యోఁ గయీ?"

నువ్వు పెడితే ఆవిడెందుకు పోయిందని. ఈ ప్రశ్న నాకు మనవరాలు చెప్పక్కర్లేకపోయింది. పెట్టినవాళ్ళే తీసుకోవాలంటే, తీసుకోవలసింది నేను. ఇది చదివినవాళ్ళు నన్నేమైనా అనండి, లిఫ్టు మానుకుంటే నేనెక్కిన లిఫ్టు మానుకోండి. మా వదిన పేరు మాత్రం ఎత్తొద్దు.

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే సంతోషి నిలబడి ఉంది. వదిన గదిలోకి వెళ్ళి కిటికీ తెరిచి, మంచం మీది దుప్పటి లాగింది. "పకడో ఆంటీ" అని రెండు కొసలు నాకిచ్చింది. తను రెండు పట్టుకుంది. దులపడానికి ఎత్తాం. దుప్పటి లేవలేదు. నూలు దుప్పటి, తడి కూడా లేదు. మధ్యలో కిందికి వంగి, ఎవరో ఒత్తిగిలి పడుకున్నంత బరువుగా వేలాడింది. సంతోషి నా వైపు చూసింది, నేను దాని వైపు చూశాను. ఇద్దరం కిందికి చూడలేదు. ఇద్దరిలో ఎవరమూ కొసలు వదల్లేదు. చేతులు నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాం.

చదివి వినిపించగా విని, సరిగ్గా ఉందని ఒప్పుకుని వేసిన నా ఎడమ బొటనవేలి ముద్ర.

యాళ్ళ మంగాయమ్మ

చూసినవాళ్ళు:
రాసిన పిల్ల హేమలత
మనవరాలు ఆద్య, హిందీలో సంతకం
సంతోషి, తనదీ వేలిముద్రే