అడగకుండా తీసిన సొట్ట

ఓయామా ఊళ్ళో కాజితానీ దగ్గర కారు బాగుచేయించుకున్నవాళ్ళందరికీ ఒక అలవాటు ఉంది. బండి ఇంటికి తెచ్చుకున్నాక దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఈసారి ఇంకేం చేశాడో అని వెతుక్కుంటారు. వెనక తలుపు మీద సొట్ట తీయమని ఇచ్చివుంటే సొట్ట పోవడం సరేసరి, ఏడాదిగా కిర్రుమంటున్న డిక్కీ మూత కూడా నోరు మూసుకుని ఉంటుంది. బిల్లులో ఆ ముక్క ఉండదు, నోటితోనూ చెప్పడు. కనిపెట్టినవాళ్ళు కమలాపళ్ళ బుట్ట పట్టుకుని మళ్ళీ వస్తారు. "అయ్యో, దానికేముందండీ" అని కాజితానీ తల గోక్కుంటాడు. ఆ తల గోక్కోవడం కోసమే ఆయన బతుకుతున్నాడని భార్య ఫుసా అంటుంది.

ఇది తండ్రి నేర్పిన పద్ధతి. అడిగిన పనికి డబ్బు పుచ్చుకుంటాం, అడగని పనికి మంచి పేరు పుచ్చుకుంటాం అనేవాడు ముసలాయన. కాజితానీ పెళ్ళయిన కొత్తలో ఈ ఊరు వచ్చి కొట్టు పెట్టాడు. కొండ మీద ఫ్యూజి రేసు ట్రాకు ఉంది, రేకు వంచుకునేవాళ్ళకు కొదవ ఉండదన్నదే ఆయన లెక్క. లెక్క తప్పలేదు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఎడమ చెవి సగమే పనిచేస్తుంది. అరచేత్తో రేకు తడిమితే మాత్రం కంటికి ఆనని ఎత్తుపల్లాలు కూడా తెలిసిపోతాయి.

ఆ వేసవిలో మికురియా తన పాత స్కైలైన్ కారును తెచ్చి ఆయన కొట్టు ముందు ఆపాడు.

మికురియా తేయాకు రైతు. వయసులో ఉండగా ఆ వెండిరంగు బండితో మూడేళ్ళు రేసులాడాడు. అప్పట్లో స్కైలైన్లను ఓడించడం ఎవరివల్లా కాదనుకునేవారు. తరవాత మాజ్దావాళ్ళ రోటరీ ఇంజన్ల బళ్ళు రంగంలోకి దిగాయి, కొండంతా వాటి గోలే. పత్రికలు ముందు వరసలో పోయే ఫ్యాక్టరీ జట్ల గురించి రాసేవి. మికురియాలాంటివాళ్ళు వారమంతా తేయాకు కోసి, ఆదివారం సొంత బండి తోలుకెళ్ళి, ఏడో స్థానం కోసమో ఎనిమిదో స్థానం కోసమో ప్రాణాలకు తెగించి కొట్టుకునేవారు. వాళ్ళ గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

రేసులు మానేశాక బండి తేయాకు ఆరబెట్టే యంత్రం పక్కన టార్పాలిన్ కింద పడివుంది. ఒకప్పుడు తుక్కు కొనేవాడు కూడా "తీసుకెళ్ళాలంటే మీరే ఎదురివ్వాలి" అన్నాడు. ఇప్పుడు దాని దశ తిరిగింది. టోక్యో నుంచి, ఆస్ట్రేలియా నుంచి మనుషులొచ్చి షెడ్డు ముందు చెప్పులు విడిచినంత పని చేస్తున్నారు. వాళ్ళకు కొత్త రంగు వద్దు, పాత రంగే కావాలి. మార్చని అద్దం, చిరిగిన సీటు, వెలిసిపోయిన రేసు అంకె కనిపిస్తే ముచ్చటపడిపోతారు. నిజంగా రేసులాడిన బండి అయితే ఇక చెప్పనక్కర్లేదు.

"తుప్పుకి కూడా గిరాకీ వచ్చిందంటే ఇక మన కొట్టు మూసేయొచ్చు" అన్నాడు కాజితానీ ఒకరోజు భోజనాల దగ్గర.

"మూసేస్తే మీరు ఇంట్లో కూర్చుని నా గిన్నెల సొట్టలు తీస్తారు. వద్దులెండి" అంది ఫుసా.

మికురియాకు మోకాళ్ళు పోయాయి. క్లచ్ తొక్కితే రెండు రోజులు కుంటుతాడు. నగోయాలో ఒక పెద్దమనిషి రేసులాడిన పాత బళ్ళ కోసమే ఒక ప్రదర్శనశాల కడుతున్నాడు. అక్టోబరు తరవాత బండిని అక్కడికి పంపడానికి మాటయింది. తాను పోయాక బండి ముక్కలై అమ్ముడుపోకుండా ఒకచోట నిలబడి ఉండాలి, అంతే ఆయన కోరిక.

"కుడి తలుపు కింద తుప్పు పట్టింది. అది చూస్తారా?" అన్నాడు కాజితానీతో. ఇంజను పనికి వేరే మెకానిక్కు ఉన్నాడు. రేకు పనికి ఈ బండి ఎవరి చేతికీ వెళ్ళలేదు. పనివాడికి ఇది చెయ్యమని చెప్పొచ్చు. దాన్ని ముట్టుకోకు అని చెబితే ముఖం మీద కొట్టినట్టే. అందుకని మికురియా ఆ ఒక్క మాటే చెప్పి, టీ తాగి, నడిచి ఇంటికి పోయాడు.

కాజితానీ తుప్పు కోసేసి కొత్త రేకు అతికించాడు. అతుకు ఎక్కడుందో చెయ్యి పెట్టి చూసినా తెలియకుండా చేశాడు. పని అయిపోయాక, ఎప్పటిలాగే, బండి చుట్టూ తిరిగాడు. ముందు ఎడమ చక్రం మీది రేకుకు అరచెయ్యంత సొట్ట ఉంది. లోపల పసుప్పచ్చ రంగు మరక. ఎవరో గీరుకుపోయారు, ముసలాయన పట్టించుకోలేదు అనుకున్నాడు. పదిమంది చూసే చోటికి వెళ్ళే బండిని ఇలా పంపుతామా అనుకున్నాడు. లోపలినుంచి ఇనుప దిమ్మ ఆనించి, పైనుంచి సన్నసుత్తితో ఒక పూటంతా తట్టాడు. మరక రుద్దేశాడు. పక్కనున్న వెలిసిన వెండిరంగులో కలిసిపోయేలా రంగు వేశాడు. తన జన్మలో ఇంత బాగా ఏ సొట్టా తీయలేదని ఆ సాయంత్రం ఆయనకు అనిపించింది. నిజమే కూడా.

మికురియా వచ్చాడు. తుప్పు తీసిన చోటు చూసి తల ఊపాడు. ఇటు తిరిగాడు. ఆయన చెయ్యి దానంతటదే ముందు ఎడమ చక్రం పైకి వెళ్ళి నున్నటి రేకు మీద ఆగిపోయింది.

"చాలా శ్రమ తీసుకున్నారు" అని నడుము బాగా వంచి దణ్ణం పెట్టాడు. మామూలుగా వంగేదానికంటే ఎక్కువే వంగాడు. బండెక్కి వెళ్ళిపోయాడు.

కాజితానీ కమలాపళ్ళ కోసం చూశాడు. తేయాకు రైతు కదా, టీ డబ్బా వస్తుందేమో అనుకున్నాడు. ఏదీ రాలేదు. రెండు వారాల తరవాత ఫుసా ఊరి వేణ్ణీళ్ళ స్నానాలశాల నుంచి తడి తలతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, ఆ మికురియా గారి బండికి ఎడమవైపు ఏదో చేశారట?"

"సొట్ట తీశా. ఎందుకు?"

"కొంప ముంచారు. ఆ సొట్ట నుమజు హమురో గారిదట!"

మికురియా వాళ్ళావిడ వేణ్ణీళ్ళ తొట్టెలో కూర్చుని చెప్పిందంతా ఫుసా నిలబడే చెప్పింది. హమురో నుమజులో ఎండుచేపలు చేసే మనిషి. ఆ రోజుల్లో పసుప్పచ్చ రోటరీ బండి తోలేవాడు. పంతొమ్మిది వందల డెబ్బై రెండులో ఏడో స్థానం కోసం కొట్టుకుంటూ చివరి మలుపులో మికురియా బండిని గుద్దాడు. మికురియా గిర్రున తిరిగి గడ్డిలో పడ్డాడు. నువ్వు అడ్డొచ్చావంటే నువ్వు మీదికొచ్చావని ఇద్దరూ తిట్టుకున్నారు. పదేళ్ళ పైన మాటల్లేవు. ఒక అక్టోబరులో హమురో ఎండుచేపల పెట్టె పట్టుకుని వచ్చాడు. ఇంట్లోకి కూడా రాకుండా షెడ్డులోకి పోయి, సొట్టలో పిడికిలి పెట్టి, "ఇది నాదే" అన్నాడు. ఆ మాట తప్ప వేరే క్షమాపణ అడగలేదు. అప్పటినుంచి ఏటా వస్తాడు, ఏటా ముందు అక్కడ పిడికిలి పెడతాడు, తరవాతే చెప్పులు విప్పుతాడు.

"అంతే కాదు. గడ్డిలో పడ్డప్పుడు ఎవరో తీసిన ఫొటో ఉందట. ఆ సొట్ట చూసే నగోయా వాళ్ళు ఇది ఆ బండేనని నమ్మారట. ఇప్పుడెలా?"

"నాకు ముందే చెప్పొచ్చుగా ఆయన!"

"మీకు చెప్పేదెవరండీ? మీరు అడిగారా?"

కాజితానీకి ఆ రాత్రి అన్నం సహించలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడు మికురియా ఇంటి గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని నేలకు తల ఆనించాడు.

"మళ్ళీ కొట్టిపెడతానండీ. ఆ సొట్ట నా చేతికి గుర్తుంది. లోతూ వాలూ అంతా గుర్తే. పసుపు రంగూ దొరుకుతుంది. నగోయా వాళ్ళు కాదు కదా, ఎవడొచ్చినా పట్టుకోలేడు."

"పట్టుకోలేరు, నాకు తెలుసు" అన్నాడు మికురియా. "కానీ మీరు కొడితే అది మీ సొట్ట అవుతుంది కాజితానీ గారూ. హమురోది కాదు."

కాజితానీ తల ఎత్తలేదు.

"లేవండి. తప్పు నాదీ ఉంది. ఎడమవైపు ముట్టుకోవద్దు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. మీ ముఖం చూసి ఎలా అననూ? నగోయాకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆలోచించి చెబుతామన్నారు."

ఆలోచించి వద్దన్నారు. ఎంతో మర్యాదగా, వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడి మరీ వద్దన్నారు.

అక్టోబరులో హమురో వచ్చే రోజు కనుక్కుని కాజితానీ పొద్దున్నే మికురియా షెడ్డు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు. హమురోను కూతురు కారులోంచి దింపింది. బక్కపలచని మనిషి, చేతికర్ర, చంకలో ఎండుచేపల పెట్టె. నేరుగా షెడ్డులోకి వెళ్ళి పిడికిలి బిగించి రేకు మీద పెట్టాడు. పిడికిలి జారిపోయింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

"నేను తీసేశానండీ" అన్నాడు కాజితానీ. "తెలియక తీసేశాను. క్షమించండి."

హమురో ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. రేకు మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ నిమిరాడు.

"బాగా తీశావయ్యా" అన్నాడు. తరవాత మికురియా వైపు తిరిగాడు. "ఏవోయ్ మికురియా! ఇక సాక్ష్యం లేదు కదా?"

"దేనికి?"

"తప్పు నాది కాదు. ఆ రోజు నువ్వే అడ్డొచ్చావు."

మికురియా నోరు తెరిచాడు. "ఏమిటీ? నలభై ఏళ్ళనుంచి నీదే అని ఒప్పుకుని, ఇప్పుడు..."

"అప్పుడు సొట్ట ఉంది, ఒప్పుకున్నా. ఇప్పుడేదీ? చూపించు!"

"మలుపులో లోపలి దారి నాది! నువ్వు బ్రేకు వెయ్యడం మర్చిపోయావు!"

"రోటరీకి బ్రేకెందుకోయ్, నీ పెట్టెబండికి కావాలి గానీ!"

ఇద్దరు ముసలివాళ్ళూ షెడ్డు అదిరేలా అరుచుకున్నారు. లోపలినుంచి మికురియా భార్య తొంగిచూసి, నవ్వుకుని, టీ నీళ్ళు పెట్టడానికి పోయింది. వాళ్ళ ముఖాలు చూస్తే ఇంత సంతోషంగా చాలా ఏళ్ళుగా పోట్లాడుకోలేదని కాజితానీకి తెలిసిపోయింది. ఏడుపు వచ్చింది. గోడవైపు తిరిగాడు.

చివరికి మికురియా ఆయాసపడుతూ అన్నాడు: "సొట్ట మళ్ళీ పెట్టు. లేకపోతే చచ్చేదాకా ఇదే పాట పాడతావు."

"పెడితే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టా?"

"ఒప్పుకున్నట్టే."

హమురో చేతికర్ర రెండు చేతులతో ఎత్తి, ఊపిరి బిగబట్టి కొట్టాడు. దెబ్బ పడాల్సిన చోటికి జానెడు పక్కన పడింది. రేకు టప్పుమంది. వంగి చూస్తే బఠాణీ గింజంత గుంట కనిపించింది.

"ఇంతేనా!" అన్నాడు మికురియా.

"ఎనభై ఏళ్ళవాడికి ఇంతే" అన్నాడు హమురో. ఆ గుంటలో పిడికిలి పట్టదు. చిటికెనవేలు కొస ఆనించి, "ఇది నాదే" అన్నాడు. తరవాత చెప్పులు విప్పాడు.

ఆయన లోపలికి వెళ్ళాక మికురియా జేబులోంచి బండి తాళం తీసి కాజితానీ చేతిలో పెట్టాడు.

"బండి ఇక ఎక్కడికీ పోదు. నా మోకాళ్ళు పనికిరావు. నెలకోసారి కొండదాకా నడిపించి తేవాలి, లేకపోతే ఇంజను బిగుసుకుపోతుంది. ఈసారి అడుగుతున్నాను."

"అలాగేనండీ" అన్నాడు కాజితానీ. తనూ అడిగాడు. "ఇంకేమైనా చెయ్యమంటారా?"

"వద్దు. ఇంకేమీ ముట్టుకోకండి."

జీవితంలో మొదటిసారి ఒక ఖాతాదారు ఆయనతో ఆ మాట అన్నాడు. ముఖం మీద కొట్టినట్టు అనిపిస్తుందని ఎదురుచూశాడు, అనిపించలేదు. తలుపు తీయబోతుంటే బొటనవేలు అలవాటుకొద్దీ ఆ గుంట మీదికి వెళ్ళింది. పావుగంట పని. రెండు దెబ్బలు చాలు. కాజితానీ చెయ్యి వెనక్కి తీసుకుని, సీట్లో కూర్చుని, తాళం తిప్పాడు.